గవర్నర్ దారి, గ్రామసభ దారి: విశాఖ బాక్సైట్‌పై ఒక ఎంపీ వాదనల కేస్ స్టడీ

2012లో కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిగా ఉన్న వైరిచర్ల కిశోర్ చంద్రదేవ్ ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌కు ఒక లేఖ రాశారు. విశాఖ ఏజెన్సీలో బాక్సైట్ (అల్యూమినియం ముడి ఖనిజం) కోసం రాష్ట్ర ప్రభుత్వం కుదుర్చుకున్న ఒప్పందాలను, గిరిజనులుండే షెడ్యూల్డ్ ప్రాంతాల పాలన గురించి చెప్పే రాజ్యాంగం ఐదో షెడ్యూల్ గవర్నర్‌కిచ్చిన అధికారంతో రద్దు చేయాలన్నది దాని సారాంశం. అప్పుడు ఢిల్లీలోనూ హైదరాబాద్‌లోనూ ఒకే పార్టీ ప్రభుత్వం, అది ఆయన సొంత పార్టీయే. తన పార్టీ ముఖ్యమంత్రుల కాలంలో కుదిరిన ఒప్పందాలను రాజ్యాంగం పేరు చెప్పి ఒక కేంద్ర మంత్రి తప్పుపట్టడం నేను చూసినంతలో చాలా అరుదు.

ఆ లేఖతో ఒప్పందాలు రద్దు కాలేదు. అయినా ఏజెన్సీలో అటవీ హక్కుల ఫైళ్లు, భూబదలాయింపు కేసులు చూసే న్యాయవాదిగా నేను ఈ కేసును మళ్లీ మళ్లీ తిరగేస్తుంటాను. ఎందుకంటే కొండ కింది ఖనిజం మీద నిర్ణయాధికారాన్ని కిందికి దించడానికి ఇదే నాయకుడు రెండు దారుల్లో ప్రయత్నించారు. ఒకటి గవర్నర్ దారి, రెండోది చట్టంలో గ్రామసభకు చోటు కల్పించే దారి. మొదటిది విశాఖలో నిలవలేదు, రెండోది ఒడిశాలోని నియమగిరిలో నిలిచింది. రెండింట్లోనూ ఖనిజం బాక్సైటే, తవ్వకం ఏర్పాటు కూడా దాదాపు ఒకటే. ఫలితంలో తేడా ఎక్కడ వచ్చిందో చూపించడానికే ఇది రాస్తున్నాను.

ఆ ఒప్పందాల లోపల ఏముంది

కురుపాం జమీందారీ కుటుంబానికి చెందిన కిశోర్ చంద్రదేవ్ 1977లో మొదటిసారి పార్వతీపురం నుంచి లోక్‌సభకు వెళ్లారు. ఆ తర్వాత కూడా అక్కడి నుంచి గెలిచారు, మధ్యలో రాజ్యసభలో ఉన్నారు, 2009లో కొత్తగా ఏర్పడిన అరకు స్థానం నుంచి గెలిచారు. 2011లో గిరిజన వ్యవహారాలు, పంచాయతీరాజ్ శాఖలు రెండూ ఆయన చేతికొచ్చాయి. ఈ కలయిక ముఖ్యం. గిరిజన శాఖ మాత్రమే ఉంటే సంక్షేమం గురించి మాట్లాడి ఊరుకోవచ్చు. పంచాయతీరాజ్ కూడా ఉన్నప్పుడు ఎవరు నిర్ణయించాలన్న ప్రశ్నను తప్పించుకోలేరు.

ఇక ఒప్పందాలు. 2005లో జిందాల్ సంస్థతోనూ, 2007లో యూఏఈలోని రస్ అల్ ఖైమాతోనూ రాష్ట్ర ప్రభుత్వం అవగాహన కుదుర్చుకుంది. రెండోదాని నుంచే అన్‌రాక్ కంపెనీ వచ్చింది, మాకవరపాలెం దగ్గర దాని శుద్ధి కర్మాగారం కూడా కట్టారు. కానీ ఈ కంపెనీలు నేరుగా కొండ తవ్వడానికి వీల్లేదు. 1959 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్‌కు 1970లో సవరణ వచ్చింది. ఏజెన్సీలో అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనేది దాన్నే. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఎవరి చేతిలో ఉన్న భూమైనా సరే, గిరిజనేతరుడికి బదలాయిస్తే అది చెల్లదు. ఆ నిషేధంలోని 'వ్యక్తి' అన్న మాటకు ప్రభుత్వం కూడా వర్తిస్తుందని 1997 జూలై 11న సమతా అనే స్వచ్ఛంద సంస్థ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్ మెజారిటీ, జస్టిస్ పట్నాయక్‌ది భిన్నాభిప్రాయం. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల ప్రైవేటు మైనింగ్ లీజుల మీద వచ్చిన కేసు అది. ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు కంపెనీకి లీజుకిస్తే చెల్లదన్నారు. తవ్వాలంటే ప్రభుత్వ సంస్థ తవ్వాలి, లేదా గిరిజనుల సహకార సంఘం తవ్వాలి. లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి పక్కన పెట్టాలి.

అంతకుముందే, 1991లో, గనుల చట్టానికి మన రాష్ట్రం చేసుకున్న సవరణ కూడా ఇదే మాట చెబుతోంది. పదకొండో సెక్షన్‌లో చేర్చిన ఐదో ఉపసెక్షన్ ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు లీజు ఇవ్వకూడదు.

అందుకే తవ్వకం పని రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థకు, తవ్విన ఖనిజం కంపెనీకి అన్న ఏర్పాటు పుట్టింది. కాగితం మీద లీజుదారు ప్రభుత్వ సంస్థే, కాబట్టి సమతా తీర్పు అక్షరానికి భంగం లేదు. కానీ ఆ తీర్పు ఎందుకిచ్చారో ఆ ఉద్దేశం మాత్రం పూర్తిగా పక్కకు పోయింది. కిశోర్ చంద్రదేవ్ ప్రధాన అభ్యంతరం ఇదే, నా దృష్టిలో అది సరైన అభ్యంతరం. గనిలోంచి వచ్చేది ఎవరి ఫ్యాక్టరీకి చేరుతుందో ముందే రాసిపెట్టుకున్నాక లీజు ఎవరి పేరుమీద ఉందన్నది చట్టానికి సరిపోవచ్చేమో గానీ, గాలికొండ, రక్తకొండ, జెర్రెల, సప్పర్ల చుట్టూ బతికే కుటుంబాలకు ఏ తేడా ఉండదు. ఊట గెడ్డ (వాగు) ఎండిపోతే తవ్వింది ప్రభుత్వ సంస్థా, ప్రైవేటు కంపెనీయా అని కాఫీ తోట చూడదు కదా.

మొదటి దారి: రాజ్‌భవన్

ఐదో షెడ్యూల్ ఏం చెబుతుందో సూటిగా చూద్దాం. మూడో పేరా ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల పాలనపై గవర్నర్ ఏటా రాష్ట్రపతికి నివేదిక పంపాలి. ఆ ప్రాంతాల పాలన విషయంలో రాష్ట్రానికి ఆదేశాలిచ్చే కార్యనిర్వాహక అధికారం కేంద్రానికి ఉంది. నాలుగో పేరా గిరిజన సలహా మండలి గురించి. ఐదో పేరాలో గవర్నర్‌కు రెండు పెద్ద అధికారాలున్నాయి. పార్లమెంటు చట్టాన్నైనా, అసెంబ్లీ చట్టాన్నైనా ఆ ప్రాంతానికి వర్తించకుండా ఆపవచ్చు లేదా మార్పులతో వర్తింపజేయవచ్చు. శాంతి, సుపరిపాలన కోసం రెగ్యులేషన్లు చేయవచ్చు, వాటికి రాష్ట్రపతి ఆమోదం కావాలి. వన్ ఆఫ్ సెవెంటీ వచ్చింది ఈ రెండో అధికారం కిందే.

చదివితే ఇంత అధికారం దేశంలో మరే గవర్నర్‌కూ లేదనిపిస్తుంది. కిశోర్ చంద్రదేవ్ వాదన కూడా దాని మీదే నడిచింది. ఈ విషయంలో గవర్నర్ మంత్రివర్గం సలహా కోసం చూడాల్సిన పని లేదు, ఐదో షెడ్యూల్ ఆయన మీద స్వతంత్రంగా పెట్టిన బాధ్యత అది అన్నారు. షెడ్యూల్డ్ ప్రాంతాలున్న రాష్ట్రాల గవర్నర్లకు ఇదే విషయం గుర్తుచేస్తూ రాశారు. బాక్సైట్ లేఖ ఆ వరుసలో వచ్చిందే.

ఈ చర్చ కొత్తది కాదు. రాజ్యాంగ సభలో 1949 సెప్టెంబరు 5న ఐదో షెడ్యూల్ కొత్త రూపంలో సభ ముందుకు వచ్చినప్పుడు ఇదే గొడవ నడిచింది. ముందటి ముసాయిదాలో గిరిజన సలహా మండలి సలహా ఇస్తే గవర్నర్ దాని ప్రకారం నడవాలి. కొత్త రూపంలో మండలి పని గవర్నర్ పంపిన అంశాలపై అభిప్రాయం చెప్పడం వరకే. ఛోటానాగ్‌పూర్ ఆదివాసీల గొంతుగా సభలో ఉన్న జైపాల్ సింగ్ ముండా మండలికి ఇంకా ఎక్కువ అధికారం ఉండాలని అడిగారు. ఆయన అడిగింది వచ్చి ఉంటే ఈ కేసు మొత్తం మరోలా ఉండేది. సభ్యుల్లో నాలుగింట మూడు వంతుల మంది గిరిజన ఎమ్మెల్యేలు ఉండే మండలి వద్దంటే బాక్సైట్ ఆగిపోయేది. రాజ్యాంగం అధికారాన్ని ఆ మండలికి ఇవ్వలేదు. ఒక్క వ్యక్తికి ఇచ్చింది, ఆ వ్యక్తిని నియమించేది కేంద్రం, ఆయన రోజూ పనిచేసేది రాష్ట్ర మంత్రివర్గంతో.

కాబట్టి లేఖ ఫలితం ఇవ్వకపోవడం ఆశ్చర్యమేమీ కాదు. గవర్నర్ ఒప్పందాలు రద్దు చేయలేదు. కేంద్రం కూడా మూడో పేరా కింద ఆ మాటను చివరిదాకా పట్టుకు లాగలేదు. ఒక శాఖ మంత్రి వైఖరి వేరు, కేంద్ర మంత్రివర్గ నిర్ణయం వేరు. అప్పట్లో బాక్సైట్ ఆగిందంటే కారణం చింతపల్లి, అనంతగిరి మండలాల్లో జనం అడ్డుకోవడం, ఆందోళనలు, అనుమతుల జాప్యం.

రాష్ట్రం విడిపోయాక 2015 నవంబరులో జీవో 97 వచ్చింది. చింతపల్లి, జెర్రెల అటవీ బ్లాకుల్లో 1,212 హెక్టార్లను ఖనిజాభివృద్ధి సంస్థకు ఇస్తూ జారీ అయిన ఉత్తర్వు. మన్యమంతా భగ్గుమంది, జీవోను పక్కన పెట్టారు. 2019లో తర్వాతి ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. రద్దును నేను మనస్ఫూర్తిగా స్వాగతించాను. కానీ న్యాయవాదిగా చూస్తే జీవోతో వచ్చింది జీవోతో పోయింది, అంతే. మరో జీవోతో తిరిగి రాకుండా ఆపగలిగేది ఆ రద్దు ఉత్తర్వులో ఏదీ లేదు.

తర్వాత 2020 ఏప్రిల్ 22న చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం గవర్నర్ దారిని ఇంకా ఇరుకు చేసింది. అది ఖనిజాల కేసు కాదు, షెడ్యూల్డ్ ప్రాంత టీచర్ పోస్టుల్లో నూరు శాతం గిరిజన రిజర్వేషన్ ఇచ్చిన 2000 సంవత్సరం నాటి జీవో 3 కేసు. ఐదో పేరా కింద గవర్నర్ చేసేది ఏదైనా ప్రాథమిక హక్కులకు లోబడే ఉండాలని, ఉన్న చట్టాన్ని వర్తింపజేయడం లేదా ఆపడం అన్న మొదటి అధికారాన్ని కొత్త చట్టం చేయడానికి వాడకూడదని కోర్టు చెప్పింది. నూరు శాతం రిజర్వేషన్ మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, ఆ తీర్పు చదివిన ఏ రాజ్‌భవన్ న్యాయ సలహాదారూ ఇక గవర్నర్‌ను ముందడుగు వేయమని సులభంగా చెప్పరు.

రెండో దారి: జాయింట్ కమిటీ గది

కిశోర్ చంద్రదేవ్ చేసిన అసలు పని లేఖ కంటే ఆరేళ్ల ముందే జరిగిపోయింది, దాని గురించి మన దగ్గర మాట్లాడేవాళ్లు తక్కువ. 2005 డిసెంబరు 13న అటవీ హక్కుల బిల్లు లోక్‌సభకు వచ్చింది. దాన్ని ఉభయ సభల సంయుక్త కమిటీకి పంపారు, ఆ కమిటీకి ఛైర్మన్ ఆయనే. 2006 మేలో నివేదిక ఇచ్చారు.

బిల్లుగా వచ్చినప్పటి రూపం చూస్తే కమిటీ ఎంత దూరం లాగిందో అర్థమవుతుంది. 1980 అక్టోబరు 25కి ముందు నుంచి సాగులో ఉన్నవాళ్లకే హక్కు అన్నది బిల్లు. కమిటీ దాన్ని 2005 డిసెంబరు 13కి, అంటే బిల్లు సభకు వచ్చిన రోజుకు తెచ్చింది. పోడు సాగు చేసే కుటుంబానికి ఈ పాతికేళ్ల తేడా అంటే పట్టా ఉండడానికీ లేకపోవడానికీ మధ్య తేడా. గిరిజనులకే పరిమితమైన బిల్లులో తరతరాలుగా అడవి మీద బతికే ఇతరులనూ చేర్చారు, మూడు తరాలు, 75 ఏళ్లు అన్న షరతుతో. రెండున్నర హెక్టార్ల పరిమితి చివరికి చట్టంలో నాలుగైంది. కమిటీ అడిగినవన్నీ రాలేదు. హక్కు తేల్చడంలో చివరి మాట గ్రామసభదే కావాలన్నది ఆ రోజుల్లో బలమైన వాదన. చట్టంలో మాత్రం మొదలుపెట్టే అధికారం గ్రామసభకు, తుది నిర్ణయం జిల్లా స్థాయి కమిటీకి దక్కాయి. ఇది పెద్ద లోటే.

అయినా ఆ చట్టంలో నిలిచిన రెండు నిబంధనలు ఖనిజాల కథను మార్చాయి. మూడో సెక్షన్‌లో సామూహిక అటవీ వనరును కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు. ఐదో సెక్షన్‌లో తమ ఆవాసాన్ని, సాంస్కృతిక సహజ వారసత్వాన్ని దెబ్బతీసే పనుల నుంచి కాపాడే అధికారం గ్రామసభకు. వీటి ఆధారంగానే 2009 ఆగస్టు 3న కేంద్ర పర్యావరణ శాఖ ఒక సర్క్యులర్ ఇచ్చింది. అటవీ భూమిని వేరే పనికి మళ్లించే ముందు అక్కడ హక్కుల గుర్తింపు పూర్తయిందని, గ్రామసభ ఒప్పుకుందని రుజువు పెట్టాలన్నారు.

ఆ తర్వాత నియమగిరి. ఒడిశాలోని రాయగడ, కలహండి జిల్లాల సరిహద్దు కొండలు. తవ్వేది ఒడిశా మైనింగ్ కార్పొరేషన్, ఖనిజం వెళ్లేది వేదాంత రిఫైనరీకి. మన ఏజెన్సీ ఏర్పాటుకు అచ్చంగా అదే నమూనా. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఈ నిర్ణయాన్ని గ్రామసభల ముందు పెట్టమంది. ఒడిశా ప్రభుత్వం పన్నెండు గ్రామాలను ఎంపిక చేసింది. ప్రభావితమయ్యే ఊళ్లన్నింటినీ అడగాలి గానీ కొన్నింటినే ఏరుకోకూడదని కేంద్ర గిరిజన శాఖ అభ్యంతరం చెప్పింది, మంత్రి కిశోర్ చంద్రదేవే. పన్నెండు గ్రామాలూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అటవీ అనుమతిని తిరస్కరించింది.

విశాఖలో రాజ్‌భవన్‌కు లేఖ, నియమగిరిలో గ్రామసభ తీర్మానం. ఏర్పాటు ఒకటే, రెండుచోట్లా ప్రభుత్వ సంస్థ ముందు, ప్రైవేటు కంపెనీ వెనుక. ఒకచోట కొండ రాజకీయాల దయ మీద మిగిలింది, మరోచోట చట్టం మీద మిగిలింది. కోర్టు ముందు నిలబడ్డప్పుడు నాకు పనికొచ్చేది రెండోదే.

తీర్మానం పుస్తకం

చట్టం ఎంత బాగున్నా చివరికి అంతా పంచాయతీ ఆఫీసులోని తీర్మానాల పుస్తకం మీదకు వస్తుంది. నేను చూసే ఫైళ్లలో ఎక్కువగా కనిపించేది ఒకే వాక్యం: 'సభ్యులందరూ చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.' కింద సంతకాలు, వేలిముద్రలు. ఏ గూడెం సభ అన్నది ఉండదు. ఓటర్లు ఎంతమంది, వచ్చింది ఎంతమంది, అందులో ఆడవాళ్లెందరు అన్నది ఉండదు. కొన్నిట్లో తీర్మానం ఒక చేతిరాతలో, అది దేని గురించో చెప్పే పేరా మరో చేతిరాతలో ఉంటుంది.

2012 సెప్టెంబరులో, కిశోర్ చంద్రదేవ్ మంత్రిగా ఉండగానే, అటవీ హక్కుల నియమాలను సవరించారు. కోరం (సభ చెల్లడానికి కావాల్సిన కనీస హాజరు) సభ్యుల్లో సగానికి తగ్గకూడదు, హాజరైనవాళ్లలో మూడో వంతు మహిళలు ఉండాలి. దీన్నే నేను శిక్షణల్లో పట్టుకుంటాను. సభ పెట్టే రోజు ముందే ఓటర్ల జాబితా కాపీ చేతిలో ఉండాలి. హాజరు పట్టీ వేరేగా రాయాలి, ఆడవాళ్ల సంఖ్య విడిగా వేయాలి. అటవీ శాఖ లెక్కలో ఏ కంపార్ట్‌మెంట్ నంబరు, ఏ కొండ, ఏ గెడ్డ, ఏ దేవుడి చోటు అన్నది ఊరివాళ్లు పిలిచే పేర్లతోనే రాయాలి, పక్కన చేత్తో గీసిన పటం అంటించాలి. తీర్మానం చివరి లైను కింద ఖాళీ లేకుండా గీత కొట్టాలి. ఫోటో తీసి ఊళ్లో కనీసం ఇద్దరి ఫోన్లలో ఉంచాలి. సర్టిఫైడ్ కాపీ సెక్రటరీ దగ్గర అదే వారం తీసుకోవాలి, గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాజెక్టు అధికారికి, సబ్ కలెక్టర్‌కు పంపి రసీదు దాచుకోవాలి. ఇవి చిన్న పనులుగా కనిపిస్తాయి. ఏడాది తర్వాత అదే ఊరి పేరుతో 'ఆమోదించడమైనది' అన్న మరో తీర్మానం ఫైల్లో ప్రత్యక్షమైనప్పుడు ఈ చిన్న పనులే కేసును నిలబెడతాయి.

ఇంకో చిక్కు, సభ ఎవరిది? పంచాయతీ వ్యవస్థను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన పెసా చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ఊరంటే ఒక ఆవాసం, లేదా కొన్ని ఆవాసాల సముదాయం, తమ ఆచారాల ప్రకారం తమ వ్యవహారాలు చూసుకునేది. మన ఏజెన్సీలో ఒక పంచాయతీలో కొండకొకటిగా అనేక గూడేలుంటాయి. పంచాయతీ కేంద్రంలో సభ పెడితే గనికి దూరంగా ఉన్న గూడెం వాళ్లు వస్తారు, గని పక్క గూడెం వాళ్లు రాలేరు. నా అనుభవంలో ఈ ఒక్క విషయం మీద గట్టిగా నిలబడితే సగం కేసు గెలిచినట్టే.

పై అంతస్తుల తగాదా

2024 జూలై 25న తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం 8-1 మెజారిటీతో ఖనిజాల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని తేల్చింది. రాయల్టీ పన్ను కాదంది. రాయల్టీని పన్నుగా చూసిన 1989 నాటి ఇండియా సిమెంట్ తీర్పును పక్కకు నెట్టింది. ఫెడరల్ వ్యవస్థను నమ్మేవాళ్లకు ఇది మంచి తీర్పు, నేను కూడా అలాగే చూస్తాను. కానీ ఇందులో వాది ఎవరు, ప్రతివాది ఎవరు అని చూస్తే ఒకవైపు రాష్ట్రం, ఇంకోవైపు కేంద్రమూ కంపెనీలూ. ఊరికి అందులో కుర్చీ లేదు. 2015లో పెట్టిన జిల్లా ఖనిజ నిధిలో ఊరికి వాటా రావచ్చు, అది తవ్వాక వచ్చే డబ్బు. తవ్వాలా వద్దా అన్న మాట దాంట్లో లేదు. కిశోర్ చంద్రదేవ్‌ను నేను ప్రత్యేకంగా చూసేది ఇందుకే. వనరుల మీద మాట్లాడే మన ఎంపీలు, ఎమ్మెల్యేలు ఎక్కువమంది రాష్ట్రం వాటా దగ్గర ఆగుతారు. ఆయన ఇంకో మెట్టు దిగారు.

ఆ మెట్టు కూడా ఇప్పుడు అరుగుతోంది. 2022 జూన్‌లో వచ్చిన అటవీ సంరక్షణ నియమాల తర్వాత, గ్రామసభ సమ్మతి రుజువు లేకుండానే కేంద్రం అటవీ అనుమతి ప్రక్రియను పూర్తి చేయవచ్చు. హక్కుల సంగతి రాష్ట్రం తర్వాత చూసుకోవాలి. నియమగిరిలో సభ జరిగింది నిర్ణయానికి ముందు. ఇకపై సభ జరిగేసరికి నిర్ణయం చేతిలో ఉంటుంది.

ఖనిజాల వర్గీకరణ ఇంకో తలుపు. పెసా కింద గనుల లీజుకు ముందస్తు సిఫార్సు తప్పనిసరి అన్నది చిన్న తరహా ఖనిజాలకే, బాక్సైట్ అందులో రాదు. 2015 ఫిబ్రవరిలో కేంద్రం 31 ఖనిజాలను చిన్న తరహా జాబితాలోకి మార్చింది. లేటరైట్, కాల్సైట్, క్వార్ట్జ్, మైకా అన్నీ అందులోకి వచ్చాయి. 2025 ఫిబ్రవరిలో బెరైటీస్, ఫెల్స్‌పార్, మైకా, క్వార్ట్జ్ నాలుగింటిని తిరిగి పెద్ద ఖనిజాల్లోకి తీసుకెళ్లారు. అంటే ఆ నాలుగింటి లీజు విషయంలో పెసా ఇచ్చిన సిఫార్సు హక్కు ఒక్క నోటిఫికేషన్‌తో పోయింది. పార్లమెంటులో చట్ట సవరణ అక్కర్లేకపోయింది.

అటవీ హక్కుల చట్టంలో ఈ పెద్ద, చిన్న తేడా లేదు. ఐదో సెక్షన్ కింద గ్రామసభ అధికారం ఖనిజం పేరును బట్టి మారదు. అందుకే ఇప్పుడు నా దగ్గరికొచ్చే గూడేలకు నేను మొదట చెప్పేది సామూహిక అటవీ వనరు హక్కుకు దరఖాస్తు పెట్టమనే. వ్యక్తిగత పోడు పట్టాలు ఇంటింటికీ వచ్చాయి గానీ, కొండ మొత్తం మీద ఊరి హక్కు పత్రం ఉన్న గూడేలు నా ఫైళ్లలో చాలా తక్కువ. గని ప్రతిపాదన వచ్చాక కాదు, ఇప్పుడే పటం గీయించి, హద్దులు తిరిగి, పక్క గూడెం పెద్దలతో సంతకం పెట్టించి, సబ్ డివిజన్ కమిటీలో ఫైలు వేసి రసీదు తెచ్చుకోమంటున్నాను. చింతపల్లి, అనంతగిరి వైపు వాళ్లయితే జీవో 97 రద్దయింది కదా అని ఆగవద్దని కూడా చెబుతున్నాను.